పనిముట్టా, దినుసా? – ప్యాకేజీ వ్యవస్థలలో కంపైలరు స్థానము

పండుగ వంటకు కావలసిన దినుసులు వ్రాసికొనునప్పుడు బియ్యము, బెల్లము, నేయి, ఏలకులు అని వ్రాయుదురు. తిరుగలి అని ఎవరును వ్రాయరు. అది ఇంట ఎప్పుడును ఉండునదే. వంటలో కలిసిపోవునది కాదు. కాని తిరుగలికి క్రొత్తగా గంట్లు పెట్టించిన మరునాడు విసరిన పిండిలో ఇసుక తగులును. అప్పుడు బియ్యమును ఎన్నిసార్లు చెరిగినను, బెల్లపు పాకమును ఎంత వడగట్టినను లాభము లేదు. దోషము పట్టికకు ఎక్కని వస్తువులో ఉన్నది.

కంప్యూటరు ప్రోగ్రాములను కూర్చి పంచిపెట్టు వ్యవస్థలలో చాలకాలముగా నలుగుచున్న ఒక ప్రశ్నకు ఈ తిరుగలి చక్కని పోలిక. ప్రోగ్రామును తయారుచేయు కంపైలరు పనిముట్టా, లేక దినుసా? శాస్త్రీయ గణనములకై ఎక్కువగా వాడబడుచున్న స్పాక్ అను ప్యాకేజీ వ్యవస్థ, 2025 జూలైలో వెలువడిన తన 1.0వ కూర్పునందు, కంపైలరు దినుసే అని తీర్పు చెప్పినది. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమైనది, అది పరిష్కరింపక విడిచినదేమి అనునవి విచారింపదగినవి.

విషయమును మన విద్యార్థులు ఎరిగిన చోటనుండియే మొదలుపెట్టవచ్చును. తెలుగు దేశమునందలి ఎన్నో కళాశాలలలో చాలకాలము టర్బో సీ అను కంపైలరు మీద సీ భాషను నేర్పిరి. ఆ పాఠములలోని ప్రోగ్రాములు కోనియో అను ఒక శీర్షిక ఫైలును పిలుచును. తెరను తుడుచుటకు అందులోని ఆజ్ఞను వాడును. ఆ ప్రోగ్రామును అక్షరము తప్పకుండ ఎత్తివ్రాసి, నేటి లినక్స్ యంత్రము మీద జీసీసీ అను కంపైలరునకు ఇచ్చినచో, అట్టి ఫైలే లేదని అది త్రోసిపుచ్చును. విద్యార్థి తన చేతివ్రాతను శంకించును. ఉపాధ్యాయుడు యంత్రమును శంకించును. పుస్తకము మొదట ‘ఇందలి ప్రోగ్రాములు ఫలానా కంపైలరు, ఫలానా కూర్పుతో పరీక్షింపబడినవి’ అను ఒక్క పంక్తి ఉన్నచో ఇరువురి శంకయు తీరెడిది. పెద్ద పరిశోధనాలయములలోని చిక్కు కూడ, స్వభావమున, ఇట్టిదే. అచట పుస్తకమునకు బదులు వేలకొలది ప్యాకేజీలుండును.

కంపైలరు అనగా మనుష్యులు వ్రాసిన మూలప్రోగ్రామును యంత్రమునకు తెలియు ఆజ్ఞలుగా మార్చు ప్రోగ్రాము. 1952లో గ్రేస్ హాపర్ ఏ-0 అను వ్యవస్థతో ఈ మార్గమును తొక్కినది. 1957లో జాన్ బాకస్ నాయకత్వమున ఐ.బి.ఎమ్. వారు ఫోర్ట్రాన్ కంపైలరును వెలువరించిరి. కంపైలరు కూడ ఒక ప్రోగ్రామే కనుక ఏటేట సంస్కరింపబడుచుండును. ఒక్కొక్క సంస్కరణకు ఒక సంఖ్య ఇత్తురు. దానినే వెర్షను అని వాడుకలో అందురు. ఇచట కూర్పు అను మాట వాడబడినది. రిచర్డ్ స్టాల్మన్ 1987లో తొలుత విడుదల చేసిన జీసీసీకి 2025 ఏప్రిల్‌లో 15వ కూర్పు వచ్చినది.

ఇక ప్యాకేజీ వ్యవస్థ. ఒక ప్రోగ్రామును యంత్రము మీద నెలకొల్పవలెనన్నచో దానికి ఆధారమైన లైబ్రరీలు కావలెను. ఆ లైబ్రరీలకు మరికొన్ని ఆధారములు. వీనినన్నిటిని వెదకి, ఒండొంటితో పొసగు కూర్పులను ఏరి, వరుస తప్పక అమర్చుట ప్యాకేజీ వ్యవస్థ పని. ఈ ఏరుట చూచుటకు గుమాస్తా పనివలె ఉండును గాని, గణితజ్ఞులు మిక్కిలి కఠినములని లెక్కించు సమస్యల కోవలోనిది. పట్టికలో దినుసులు పెరిగినకొలది చిక్కు ముదురును. కంపైలరును కూడ పట్టికకెక్కించుటకు ఇంతకాలము పలువురు వెనుదీయుటకు ఇది ఒక కారణము కావచ్చును.

కంపైలరు వట్టి పనిముట్టు అనువారి వాదము తేలికగా కొట్టివేయదగినది కాదు. కుండ ఎండిన పిమ్మట సారెతో దానికి పనిలేదు. ప్రోగ్రాము తయారైన పిమ్మట కంపైలరుతో దానికేమి పని? ఈ వాదమునకు సమాధానము కంపైలరు తయారుచేసిన వస్తువును విప్పి చూచినగాని దొరకదు.

1957 ఏప్రిల్ 1న మన దేశమున దశాంశ నాణెములు వచ్చినవి. అంతవరకు రూపాయికి పదునారణాలు. అటుపై నూరు నయాపైసలు. కొంతకాలము రెండు విధముల నాణెములును కలసి చెలామణి అయినవి. కొనువాడు ‘నాలుగు’ అని మాత్రమే అని, అణాలో నయాపైసలో చెప్పకున్నచో అమ్మువానికి ఎంత నష్టమో ఊహింపవచ్చును. లైబ్రరీల నడుమ ఇచ్చిపుచ్చుకొనుటలు కూడ ఇట్టివే. ఒక లైబ్రరీ మరియొకదానికి ఒక పదమును అందించునప్పుడు, ఆ పదము పొడవు జ్ఞాపకస్థలములో ఎచట వ్రాయబడినది, అక్షరములు ఎచట మొదలగును అను విషయములలో ఇరుప్రక్కల అవగాహన ఒక్కటే కావలెను. ఈ యంత్రస్థాయి ఒప్పందమును మూలప్రోగ్రాము వ్రాసినవారు ఎచటను వ్రాయరు. కంపైలరును, దానితో వచ్చు సహాయక లైబ్రరీయును నిర్ణయించును.

సీ ప్లస్ ప్లస్ భాషకు 2011లో వచ్చిన ప్రమాణము, పదములను నిలువచేయు ఒక ప్రాత పద్ధతిని నిషేధించెను. జీసీసీ వారు 2015 ఏప్రిల్‌లో విడుదల చేసిన 5వ కూర్పున, ప్రమాణమునకు తగినట్లు పదములకును జాబితాలకును క్రొత్త అమరిక ఇచ్చిరి. ప్రాత అమరికను కూడ తొలగింపక ఉంచిరి. అణాలు, నయాపైసలు కలసి తిరిగిన కాలము వంటిదే అది. మార్పు చేసినవారు జాగ్రత్తపరులు. క్రొత్త రకమునకు లోపల వేరు పేరు పెట్టుటచేత పొసగని జతలు చాలవరకు కలుపుటకు ముందే పట్టుబడినవి. ఐనను డెబియన్ వంటి పెద్ద పంపిణీలలో సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలనేకము తిరిగి కట్టవలసి వచ్చెను. 2015 ఆగస్టులో డెబియన్ వారు అట్టి ప్యాకేజీల పేర్ల చివర వీ5 అను గుర్తు చేర్చిరి. అంతకుముందు జీసీసీ 3.2వ కూర్పు వచ్చిన కాలమున సీ102 అను గుర్తు చేర్చి ఇట్టి పనియే చేసిరి. పట్టికలో కంపైలరునకు గడి లేకపోవుటచేత దాని సమాచారమును పేరునకు తోకగా తగిలింపవలసి వచ్చినది! డెబియన్ వారి ఓపికను మెచ్చుకొనవచ్చును గాని, అది పద్ధతి అనిపించుకొనదు.

డెబియన్ నియమావళిలో ఆసక్తికరమైన నిబంధన ఒకటి కలదు. ప్రతి ప్యాకేజీయు తనను కట్టుటకు ఏవేవి కావలెనో చెప్పవలెను. కాని ‘హలో వరల్డ్’ అని తెరమీద వ్రాయు చిన్న ప్రోగ్రామును సీ లేక సీ ప్లస్ ప్లస్ భాషలో కట్టి ప్యాకేజీగా చేయుటకు చాలినంత సామగ్రిని ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. ఇంట తిరుగలి ఉండనే ఉండునను భావమే ఇది. చిన్న ప్రోగ్రామునకు ఈ నిబంధన సరిపోవును. దానికి ఏ కూర్పు కంపైలరైనను చాలును. పదునేను లక్షల పంక్తుల ప్రోగ్రామునకు ‘కంపైలరు ఉన్నది’ అన్నమాట చాలదు, ‘ఏది’ అని అడుగవలెను. డెబియన్ వారికి ఈ సంగతి తెలియకపోలేదు. ఒక్కొక్క విడుదలకు ఒక జీసీసీ కూర్పును ప్రధానమైనదిగా నిర్ణయించి, ప్యాకేజీలన్నిటిని దానితో కట్టుదురు. ఊరికంతకు ఒకే కుంచము పెట్టినచో కొలతల తగవు రాదు. ఊరు దాటినప్పుడు వచ్చును.

ఊరు దాటకుండగనే తగవు వచ్చిన సందర్భము ఒకటి 2000 సంవత్సరమున జరిగినది. ఆ సెప్టెంబరులో రెడ్ హాట్ లినక్స్ 7.0 వెలువడెను. అందులోని కంపైలరు తన పేరు జీసీసీ 2.96 అని చెప్పుకొనెడిది. చిత్రమేమనగా జీసీసీని నిర్మించువారు 2.96 అను కూర్పును విడుదల చేయనే లేదు. 2.95 తరువాత వారు విడుదల చేసిన పెద్ద కూర్పు 3.0, అది 2001 జూన్‌లో వచ్చినది. నడుమ జరుగుచున్న పనిని గుర్తించుటకు లోపల వాడుకొన్న సంఖ్య 2.96. రెడ్ హాట్ వారు ఆ దశలోని ప్రోగ్రామును తీసికొని, తమ సవరణలు చేర్చి పంపిణీ చేసిరి. సీ ప్లస్ ప్లస్ ప్రమాణమునకు దగ్గరగా నుండు కంపైలరు కావలసివచ్చుట వారి కారణములలో ఒకటి. 2000 అక్టోబరులో జీసీసీ నిర్వాహక సంఘము ఒక ప్రకటన చేసి, అట్టి కూర్పు తమ విడుదల కాదనియు, దానితో కట్టిన సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములు 2.95తో గాని రాబోవు 3.0తో గాని పొసగవనియు తెలిపెను. అదే పంపిణీలో లినక్స్ కేంద్రభాగమును కట్టుటకు వేరొక ప్రాత కంపైలరును కేజీసీసీ అను పేరుతో చేర్చియుండిరి. ఒకే ఇంట రెండు తిరుగళ్ళు. ఒకటి కులదేవత నైవేద్యమునకు, రెండవది తక్కిన వంటలకు అన్నట్లు!

తప్పు ఎవరిదని తేల్చుట ఇచట ముఖ్యము కాదు. ఆ ఉదంతము వలన తేలిన విషయము వేరు. సంఖ్య వేరు, కంపైలరు వేరు. పంపిణీదారులు తమ సవరణలు చేర్చినంతకాలము, రెండు చోట్ల ఒకే సంఖ్య కలిగియున్న కంపైలర్లు ఒకే విధముగా ప్రవర్తించునని నమ్ముటకు వీలులేదు.

ఇంతవరకు చెప్పినవి బయటపడు తగవులు. యంత్రము ‘కలియవు’ అని చెప్పును, మనిషి విసుగుకొని బాగుచేయును. బయటపడని రకము ఇంతకంటె ప్రమాదకరమైనది. 2024 మేలో వచ్చిన జీసీసీ 14వ కూర్పు, సీ భాషలో ముందుగా ప్రకటింపని ఫంక్షనులను పిలుచుటను, రకము చెప్పక విడుచుటను తప్పులుగా పరిగణింప మొదలిడెను. అంతకుముందు అది హెచ్చరించి ఊరకుండెడిది. ఈ మార్పు న్యాయమైనదే. 1999 నాటి సీ ప్రమాణమే వీనిని త్రోసివేసినది. కాని ప్రాత ప్యాకేజీలలో కాన్ఫిగర్ అను పరీక్షాభాగము ఒకటి ఉండును. అది తెలిసికొనదలచిన ప్రతి సౌకర్యమునకు ఒక చిన్న ప్రోగ్రామును వ్రాసి కంపైలరునకు ఇచ్చును. ప్రోగ్రాము కంపైలు ఐనచో ‘ఈ యంత్రమున ఆ సౌకర్యము ఉన్నది’ అనియు, కానిచో ‘లేదు’ అనియు గ్రహించును. ఆ చిన్న ప్రోగ్రాములు ఏనాడో అజాగ్రత్తగా వ్రాసినవి. 13వ కూర్పు వానిని హెచ్చరించి విడిచెను. 14వ కూర్పు త్రోసివేసెను. అంతట కాన్ఫిగర్, యంత్రమున నిక్షేపమువలె ఉన్న సౌకర్యమును ‘లేదు’ అని వ్రాసికొనెను. ప్యాకేజీ ఏ తప్పును చూపక చక్కగా కట్టబడును. ఒక అంగము మాత్రము దానిలో ఉండదు. ఫెడోరా వారు ఈ ప్రమాదమును ముందుగా గుర్తించి, 14వ కూర్పు రాకమునుపే తమ ప్యాకేజీలను జల్లెడపట్టిరి. అట్టి శ్రమ పడనివారి యంత్రములమీద ఏమి జరిగియుండునో చెప్పుట కష్టము. చెప్పుటకు ఆనవాలు మిగులదు.

శాస్త్ర పరిశోధనలో ఇట్టి నిశ్శబ్దము సహింపరానిది. ప్రయోగశాలలో విద్యార్థి ద్రవముల గాఢతను, ఉష్ణోగ్రతను వ్రాసికొనును. తాను వాడిన త్రాసు పేరును కూడ వ్రాసికొనును. కంప్యూటరు మీద చేయు ప్రయోగమున కంపైలరే త్రాసు. గుణించి కూడుటను ఒకే అడుగున చేయుటయా, రెండు అడుగులుగా చేయుటయా అను నిర్ణయము కంపైలరు చేతిలో ఉండవచ్చును. రెండు విధముల వచ్చు దశాంశములలో చివరి అంకె మారవచ్చును. చివరి అంకెయే గదా అని త్రోసివేయుటకు వీలులేదు. వాతావరణ గణనములవంటి వానిలో ఆ అంకె పలుమారులు తిరిగి తిరిగి లెక్కలో చేరును.

స్పాక్ పుట్టినది ఇట్టి అవసరము నుండియే. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ పరిశోధనాలయమున టాడ్ గాంబ్లిన్ 2013లో దీనిని వ్రాయ మొదలిడెను. దానిని వివరించు పత్రము 2015లో వెలువడెను. అచటి పెద్ద యంత్రములమీద ఒకే ప్రోగ్రామును పలు కంపైలర్లతో కట్టి, ఏది వేగముగా నడచునో, ఏది నమ్మదగిన అంకెలనిచ్చునో పోల్చుట నిత్యకృత్యము. కావున స్పాక్ తొలినాటినుండియు కంపైలరును విస్మరింపలేదు. ప్యాకేజీ పేరు ప్రక్కన శాతపు గుర్తు పెట్టి కంపైలరు పేరును, కూర్పును కోరవచ్చును. ప్యాకేజీని గుర్తించు హాష్ అను వేలిముద్రలో కూడ ఆ సమాచారము కలియును. ఆ కాలపు వ్యవస్థలలో ఇంత శ్రద్ధ అరుదు.

ఐనను 1.0కు పూర్వపు స్పాక్‌లో కంపైలరు ఒక చీటీ మాత్రమే. ఆధారముల వృక్షమున ప్రతి ప్యాకేజీకి ఒక చోటు కలదు. కంపైలరునకు చోటు లేదు. అది వేరొక ఫైలులో వ్రాయబడి, ప్రతి ప్యాకేజీకిని చీటీగా అంటింపబడెడిది. ఒక్క పంక్తియు కంపైలు చేయనక్కరలేని పైథాన్ ప్యాకేజీకి కూడ ‘ఫలానా జీసీసీతో కట్టబడినది’ అను చీటీ తప్పలేదు. కంపైలరు మార్చినచో దాని వేలిముద్రయు మారెడిది. అంతకంటె పెద్ద చిక్కు, ఆ చీటీమీద ఒక్క పేరే పట్టును. సీకి, సీ ప్లస్ ప్లస్‌కు, ఫోర్ట్రాన్‌కు ఒకే కుటుంబపు కంపైలర్లుండునని ఆ ఏర్పాటు ఊహించుకొనినది. ఆపిల్ వారి యంత్రములలో వచ్చు క్లాంగ్ కంపైలరునకు ఫోర్ట్రాన్ తెలియదు. కాబట్టి వాడుకరులు దానికి జీసీసీవారి ఫోర్ట్రాన్‌ను జతచేసి వాడిరి. చీటీమీద మాత్రము క్లాంగ్ పేరు, క్లాంగ్ కూర్పు. ఫోర్ట్రాన్ కంపైలరు మారినను చీటీ మారదు.

ఫోర్ట్రాన్ విషయమున ఈ అజ్ఞానము ఊరక పోవునది కాదు. ఫోర్ట్రాన్‌లో ఒక మాడ్యూలును కంపైలు చేసినప్పుడు దాని సారాంశము చిన్న ఫైలులో నిలువచేయబడును. జీసీసీ వారి కంపైలరు ఆ ఫైలు రూపము మారినప్పుడెల్ల ప్రాతదానిని చదువ నిరాకరించును. దాని సహాయక లైబ్రరీకి 7వ కూర్పున ఒకసారి, 8వ కూర్పున మరియొకసారి సంఖ్య మారినది. అందుచే 7తో కట్టిన ప్రోగ్రాము నడచుటకు 7తో వచ్చిన లైబ్రరీయే కావలెను. కంపైలరు పని ముగిసినను దాని ముక్క యొకటి ప్రోగ్రాము నడచినంతకాలము వెంట నుండును. ఇదియే పిండిలోని ఇసుక. కుండను, సారెను చూపి వాదించువారికి చెప్పవలసిన సమాధానమిదే.

ఈ ముక్కను పట్టుకొనుటతోనే స్పాక్ సంస్కరణ మొదలైనది. 2024 మేలో వచ్చిన 0.22వ కూర్పున, జీసీసీ సహాయక లైబ్రరీలును, సీ భాషకు పునాదియైన లైబ్రరీయును వృక్షమున తమ తమ చోట్ల కనిపించినవి. 1.0వ కూర్పున కంపైలరే వృక్షములోనికి వచ్చినది. ఇప్పుడు ప్యాకేజీ ‘నాకు సీ కావలెను’, ‘నాకు ఫోర్ట్రాన్ కావలెను’ అని భాషలను కోరును. ఆ కోరికను తీర్చువానిని వ్యవస్థ ఏరును. క్లాంగ్ సీని ఇచ్చుట, జీసీసీ ఫోర్ట్రాన్‌ను ఇచ్చుట రెండు వేర్వేరు గీతలుగా వృక్షమున కనిపించును. పైథాన్ ప్యాకేజీకి పనిలేని చీటీ పోయినది. పదేండ్లు నడచిన వ్యవస్థకు పునాదిని మార్చుట సాహసము. ఆ సాహసమును శ్లాఘింపవలసినదే.

శ్లాఘించిన పిమ్మట లోపములను చెప్పక తప్పదు. ‘నాకు సీ ప్లస్ ప్లస్ కావలెను’ అన్నచో ఏ సీ ప్లస్ ప్లస్? 2011 నాటి ప్రమాణమా, 2017 నాటిదా, 2020 నాటిదా? 1.0వ కూర్పున భాషను కోరునప్పుడు ప్రమాణమును చెప్పుటకు ఏర్పాటు లేదు. కావున 2017 ప్రమాణము కావలసిన ప్యాకేజీవారు ‘జీసీసీ 7కు తక్కువైనచో పనికిరాదు, క్లాంగ్ 5కు తక్కువైనచో పనికిరాదు’ అని కంపైలరునకు ఒక వాక్యము చొప్పున వ్రాయవలెను. రేపు మరియొక కంపైలరు వచ్చినచో మరియొక వాక్యము. ఒక ప్యాకేజీవాడు వ్రాయును, ఒకడు మరచును. ఇందులో విడ్డూరమేమనగా, యంత్రముల నడుమ సందేశములను పంపు ఎమ్.పీ.ఐ. అను ప్రమాణమును కోరునప్పుడు దాని సంఖ్యను చెప్పు సౌకర్యము స్పాక్‌లో 2015 నాటికే కలదు. మూడవ ఎమ్.పీ.ఐ. కావలెను అనవచ్చును, పదునేడవ సీ ప్లస్ ప్లస్ అనరాదు! తన చేతిలోనే ఉన్న సాధనమును ముఖ్యమైన చోట వాడకుండుట ఈ కూర్పులోని పెద్ద లోపము.

హద్దుల విషయము మరింత తెగనిది. క్రింది హద్దును నిజాయితీతో వ్రాయవచ్చును. పరీక్షించి చూచినచో తెలియును. పై హద్దు అట్లు కాదు. నేడు వ్రాసిన ప్యాకేజీ రాబోవు కంపైలరుతో చెడునో చెడదో వ్రాసినవారికి తెలియదు. హాస్కెల్ భాషవారి ప్యాకేజీ నియమము పై హద్దును కూడ వ్రాయుమనును. ఆ భాష మూలలైబ్రరీ కూర్పు కంపైలరు కూర్పుతో ముడిపడి వచ్చినది. కనుక క్రొత్త కంపైలరు వచ్చిన ప్రతిసారియు, ఏ దోషమును లేని ప్యాకేజీలు సైతము పనికిరానివిగా లెక్కింపబడి, ఒక్కొక్కదాని హద్దును చేతితో జరుపవలసి వచ్చును. రస్ట్ భాషవారు దీనికి ఎదురుగా నడచిరి. 2021 అక్టోబరు నాటి 1.56వ కూర్పున క్రింది హద్దును మాత్రమే వ్రాయుటకు గడినిచ్చిరి. ఐతే ఆధారములను ఏరు యంత్రాంగము ఆ గడిని చూచి ఏరుట 2025 జనవరిలో 1.84వ కూర్పుతో గాని రాలేదు. నడుమ మూడేండ్లకు పైగా, ప్యాకేజీ తన అవసరమును చెప్పుచునే యున్నను ఏరువాడు వినిపించుకొనలేదన్నమాట. గో భాషలోను ఇట్టి పంక్తి సలహా మాత్రముగా ఉండి, 2023 ఆగస్టు నాటి 1.21వ కూర్పున ఆజ్ఞగా మారినది.

రస్ట్, గో భాషలకు ఒక సౌలభ్యము కలదు. ప్రాత ప్రోగ్రాములను క్రొత్త కంపైలరు చెడగొట్టదని వాని నిర్మాతలు మాట ఇచ్చిరి; ప్రధానమైన కంపైలరు కూడ వారి చేతిలోనిదే. సీ భాషకు అట్టి ఏక యజమాని లేడు. 2025 ఏప్రిల్ నాటి జీసీసీ 15, ఏ ప్రమాణమో చెప్పని సీ ప్రోగ్రాములను 2023 ప్రమాణము ప్రకారము చదువును. అందులో ‘బూల్’ అనునది భాషకు చెందిన మాట. తమకు తామే ఆ పేరుతో ఒక రకమును నిర్వచించుకొనిన ప్రాత ప్రోగ్రాములనేకము ఆనాటినుండి నిలిచిపోయినవి. అట్టి ప్యాకేజీవారు ‘జీసీసీ 15తో పొసగదు’ అని వ్రాయుదురు. నిజమునకు వారు చెప్పదలచినది ‘2023 సీతో పొసగదు’ అని. ప్రమాణము పేరు చెప్పి పాతపద్ధతిన చదువుమని ఆజ్ఞాపించినచో 15వ కూర్పే ఆ ప్రోగ్రామును చక్కగా కట్టగలదు. సంఖ్యతో మాటాడుటవలన మంచి కంపైలరు వెలియైనది. ముందు చెప్పిన ప్రమాణపు గడి ఉన్నచో ఈ చిక్కు సగము తీరును.

కంపైలరు దినుసైనచో దానిని కట్టుటకు మరియొక కంపైలరు కావలెను గదా, ఈ గొలుసు ఎచట ఆగును అని తెలివైన విద్యార్థి అడుగవచ్చును. 1984లో ప్రకటింపబడిన ట్యూరింగ్ బహుమాన ప్రసంగమున కెన్ థాంప్సన్ ఈ గొలుసులో ఎంత మోసము దాగగలదో చూపెను. తన్ను తాను కంపైలు చేసికొను కంపైలరులో నాటిన దొంగబుద్ధి, మూలప్రోగ్రాములో ఆనవాలైనను లేకుండ తరతరములకు సంక్రమింపగలదు. గుయిక్స్ అను ప్యాకేజీ వ్యవస్థవారు 2023లో 357 బైట్ల ముక్కనుండి మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా జీసీసీ వరకు కట్టి చూపిరి. స్పాక్ ఇంత దూరము పోదు. పోవుటకు దానికి వీలును లేదు. పెద్ద యంత్రముల తయారీదారులు ఇచ్చు కంపైలర్లలో కొన్నింటి మూలప్రోగ్రాము లభింపదు. వానిని స్పాక్ బయటి వస్తువులుగా స్వీకరించి, అవి చెప్పుకొను పేరును, సంఖ్యను నమ్మును. వృక్షములో వాని క్రింద వేళ్ళు లేవు. 2.96 అని చెప్పుకొనిన కంపైలరు నేడు వచ్చినచో ఈ వృక్షము కూడ దానిని 2.96 అనియే వ్రాసికొనును.

ఇక చివరి సంగతి, ఎక్కువమంది గమనింపనిది. స్పాక్ భాండాగారమున ఎనిమిది వేలకు పైగా ప్యాకేజీలు కలవు. వానిలో ఏది ఏ భాషను కోరునో ఎవరును అంతకుముందు వ్రాసియుండలేదు, వ్రాయనక్కర లేకుండెను. కావున 2024లో ఒక ప్రోగ్రాము చేత మూలప్రోగ్రాముల మూటలను విప్పించి, లోపలి ఫైళ్ళ పేర్ల చివరి అక్షరములను చూచి, సీ ఫైలు కనబడినచోట ‘సీ కావలెను’ అనియు, ఫోర్ట్రాన్ ఫైలు కనబడినచోట ‘ఫోర్ట్రాన్ కావలెను’ అనియు వ్రాయించిరి. ఒక మూటలో ఎన్నడును కట్టని ఉదాహరణ ఫైలు ఒకటి ఫోర్ట్రాన్‌లో ఉన్నను, ఆ ప్యాకేజీకి ఫోర్ట్రాన్ కంపైలరు అవసరమని తేలును. ఫోర్ట్రాన్ లేని యంత్రము మీద అది ఊరక మొండికేయును. నిర్మాతలు ఈ సంగతిని దాచలేదు. అట్లు వ్రాయించిన ప్రతి పంక్తి ప్రక్కన ‘యంత్రము వ్రాసినది’ అని సూచించు చిన్న వ్యాఖ్య పెట్టిరి. ఒక ప్యాకేజీని ఎరిగినవారు ఆ పంక్తిని చదివి, నిజమైనచో ఉంచి, కానిచో కొట్టివేసి, ఆ వ్యాఖ్యను తీసివేయవలసియున్నది. 1.0 వెలువడునాటికి అట్టి వ్యాఖ్యలు గల పంక్తులు ఆ భాండాగారమున వేలకొలది ఉండెను.